మోటారు సైకిలు అద్దం ఊగితే



మామూలుగా నేను మీ ముందుకు వచ్చినప్పుడు మిర్చిలో తామర పురుగును గురించో, పత్తిలో గులాబీ రంగు పురుగును గురించో ముచ్చటిస్తూ వుంటాను. ఈనాడు పైరు జోలికి పోవటం లేదు. పైరు దగ్గరకు మనల్ని చేర్చే బండిని గురించి, అందులోనూ ఆ బండికి రెండు చెవుల వలె నిలబడే అద్దాలను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. "విస్తరణాధికారికి బండి అద్దాలతో పనేమిటి? అది మెకానిక్కు పని కదా!" అని మీలో కొందరు అనుకోవచ్చు. ఆ పని నాకు ఎట్లా పడిందో ముందు చెబుతాను, వినండి.

నేను డిప్లొమా చదివి ఈ ఉద్యోగంలో చేరినవాణ్ణి. డోర్నకల్ చుట్టుపక్కల పల్లెలు తిరగటమే నా పని. సుమారు అయిదు వేల ఎకరాలకు ఒక విస్తరణాధికారి అన్న లెక్కన ఊళ్లు పంచుకున్నవాళ్లం గనుక, బండి లేనిదే మాకు రోజు గడవదు. నా బండి పాతది. మా నాన్నగారు కొన్నది. నూరు సి.సి. లోపు ఇంజను, ఒకే సిలిండరు. 2021లో నల్ల తామర పురుగు మన మిర్చి తోటల మీద పడినప్పుడు చేను చేను తిరిగింది ఈ బండి మీదనే. ఇంజను ఇప్పటికీ మాట వింటుంది. దాని అద్దాలు మాత్రం వినటం మానేశాయి. ఎడమది కాడతో సహా తిరిగిపోయేది. కుడిది నిలబడేది గాని, బండి వేగం అందుకునేసరికి వణుకు పట్టేది. "రేపు చూద్దాం" అని రోజులు దొర్లించాను.

ఒకనాడు మానుకోట దారిన పోతూ కుడివైపు డొంకలోకి తిరగవలసి వచ్చింది. అద్దంలోకి చూశాను. అందులో రోడ్డు లేదు. వణికే పచ్చని మసక ఒకటి వున్నది. చెట్లనుకున్నాను. హ్యాండిల్ తిప్పబోయే క్షణాన వెనుక నుంచి హారను మ్రోగింది. నేను చెట్లనుకున్నది పచ్చ రంగు పూసిన లారీ. అది నా మోచేతిని రాసుకుంటూ పోయినంత దగ్గరగా పోయింది. బండి దిగి డొంక పక్కన కూర్చుంటే కాళ్ల వణుకు తగ్గటానికి చాలాసేపు పట్టింది.

అదంతా చూసిన ఒక మిర్చి రైతు, పెద్దాయన, చేనిలో నుంచి నడిచి వచ్చాడు. మంచినీళ్లు ఇచ్చాడు. నేను తాగిందాకా ఆగి, మెల్లగా అన్నాడు: "సారూ, మా పంపు నాజిలు కారితే మందు దండుగ అని పదిసార్లు చెప్తివి. నీ అద్దం ఊగితే ఏం దండుగైతదో నీకు ఎవరు చెప్పాలె?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ సాయంత్రమే పానా పట్టుకున్నాను. తరువాత నాకు తెలిసిన మెకానిక్కుల దగ్గర కూర్చొని, అడిగి, చేసి, తప్పు చేసి, మళ్లీ చేసి నేర్చుకున్నదే ఈనాడు మీకు చెబుతున్నాను.

ముందు ఒక లెక్క చూద్దాం. మీరు గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతున్నారు. వెనుక లారీ 60 కిలోమీటర్ల వేగంతో వస్తున్నది. అంటే ప్రతి సెకనుకూ అది మీకు సుమారు 8 మీటర్లు దగ్గరవుతుంది. అది 25 మీటర్ల వెనుక వుంటే మీ చేతిలో వున్నది మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లలో అద్దం మీకు నిజం చెప్పాలి. ఇక అద్దం గుణం చూడండి. అద్దం ఎంత కోణం ఊగితే అందులోని బింబం దానికి రెట్టింపు కోణం ఊగుతుంది. సమతలపు అద్దం అర డిగ్రీ కదిలినా, 30 మీటర్ల వెనుక వున్న లారీ అర మీటరు పక్కకు జరిగినట్లు కనబడుతుంది. ఆ అర డిగ్రీ సెకనుకు పదుల సార్లు అటూ ఇటూ ఊగితే లారీ లారీగా కనబడదు, మసకగా కనబడుతుంది. నాకు కనబడ్డది అదే.

ఈ బాధ మనకే కొత్త కాదు. 1911 మే 30న అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో 500 మైళ్ల కారు పందెం మొదటిసారి జరిగింది. తక్కిన కార్లలో డ్రైవరు పక్కన ఒక మెకానిక్కు కూర్చొని వెనుక ఎవరు వస్తున్నారో చూసి చెప్పేవాడు. రే హారూన్ అనే ఆయన ఒంటరిగా కారు తోలాడు. మనిషికి బదులు ముందు ఒక అద్దం బిగించుకున్నాడు. పందెం గెలిచాడు కూడా. కాని ఇటుకలు పరచిన ఆ బాట మీద అద్దం అదిరిపోయి అందులో ఏమీ సరిగా కనబడలేదని తరువాత ఆయనే చెప్పుకున్నాడు. అంటే అద్దం ఎంత పాతదో, అద్దం వణుకు కూడా అంత పాతదే.

ఇక పనిలోకి వద్దాం. పైరుకు తెగులు వస్తే ముందు గుర్తుపడతాం, తరువాతనే మందు కొడతాం. ఇక్కడా అంతే. అద్దం జబ్బులు రెండు రకాలు. ఒకటి వదులు. రెండవది వణుకు. వదులైన అద్దం బండి ఆగి వున్నప్పుడు కూడా చేత్తో కదిలిస్తే కదులుతుంది. వణికే అద్దం చేతికి గట్టిగానే తగులుతుంది గాని, ఇంజను నడిచేటప్పుడు బింబం చెదిరిపోతుంది. ముందు వదులును పోగొట్టాలి. వదులు వుండగా వణుకుకు మందు వేస్తే, కలుపు తీయకుండా ఎరువు చల్లినట్లే అవుతుంది.

వదులు ఎక్కడున్నదో కనిపెట్టటానికి ఇంజను ఆపి బండిని స్టాండు మీద నిలబెట్టండి. కింది నుంచి పైకి వెతకండి. మొదట హ్యాండిల్‌ను రెండు చేతులా పట్టి ముందుకూ వెనక్కూ గుంజి చూడండి. హ్యాండిలే తన పట్టులో కదులుతుంటే, అద్దం మాట తరువాత, ముందు హ్యాండిల్ బోల్టులు బిగించాలి. అది మరీ ప్రమాదం. తరువాత క్లచ్ లీవరు, బ్రేకు లీవరు కూర్చున్న పట్టు చూడండి. చాలా బండ్లకు అద్దం నాటుకునేది ఆ పట్టులోనే. దాని స్క్రూలు వదులైతే అద్దం కూడా దానితో కదులుతుంది. ఆ తరువాత అద్దం కాడ మొదట్లో వుండే నట్టు. చివరకు కాడ కొసన అద్దం డొప్ప వెనుక వుండే గుండు కీలు. ఒక చేతి వేళ్లు కీలు మీద ఆనించి, రెండో చేతితో అద్దం కదిలిస్తే కదలిక ఎక్కడున్నదో వేలికే తెలుస్తుంది. కంటికంటే వేలు నమ్మకమైనది.

మొదటిది, నట్టు వదులు. వచ్చే బండ్లలో ఎక్కువ జబ్బు ఇదే. మనలో చాలామంది చేసే తప్పు ఏమిటంటే, అద్దం తిరిగిపోతే కాడనే పట్టుకొని మెలిపెట్టి బిగిస్తారు. అప్పటికి గట్టిగా వుంటుంది. గతుకుల దారిలో నాలుగు రోజులు తిరిగితే మళ్లీ మొదటికి వస్తుంది. ఎందుకంటే కాడ పని నిలబడటం, నట్టు పని దాన్ని కదలకుండా పట్టటం. ఎవరి పని వారు చేయాలి.

పద్ధతి ఇది. నట్టుకు సరిపోయే పానా తీసుకోండి. చాలా బండ్లకు 14వ నంబరు సరిపోతుంది. కొన్నింటికి వేరే నంబరు. సరిపోని పానాతో, కటింగ్ ప్లేయరుతో పట్టవద్దు, నట్టు మూలలు అరిగిపోతాయి. నట్టును వదులు చేసి పైకి తిప్పి పెట్టండి. కాడను పూర్తిగా విప్పి బయటకు తీయండి. మరను, దాన్నే మన మెకానిక్కులు చూడీ అంటారు, కిరసనాయిలుతో గాని డీజిలుతో గాని తడిపి పాత పళ్ల బ్రష్షుతో తోమండి. తుప్పూ, దుమ్మూ, జిడ్డూ పోవాలి. గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. పట్టులోని రంధ్రాన్ని కూడా అట్లాగే శుభ్రం చేయండి. ఇప్పుడు కాడను చేత్తోనే లోపలికి తిప్పండి. నెమ్మదిగా దిగాలి. మొదటి చుట్టులోనే పట్టేస్తే మర అడ్డం పడిందన్న మాట. బలవంతం చేయకుండా వెనక్కు తీసి మళ్లీ పెట్టండి. 10 మి.మీ. లావు కాడకు కనీసం ఏడెనిమిది చుట్లు లోపలికి దిగాలి. రెండు మూడు చుట్ల మీదనే నిలబడ్డ అద్దం లోతు లేని వేరు మీద నిలబడ్డ మొక్క వంటిది.

లోపలికి దిగిన తరువాత, అద్దం మీకు కావలసిన దిక్కుకు వచ్చేటట్లు కాడను తిప్పి నిలపండి. ఒక చేత్తో కాడను కదలకుండా పట్టుకొని, రెండో చేత్తో నట్టును కిందికి దించి పట్టు మీద గట్టిగా కూర్చోబెట్టండి. కొన్ని బండ్లకు రెండు నట్లు వుంటాయి. కిందిది పట్టులో బిగిసేది, పైది అద్దం దిక్కును నిలిపేది. అటువంటప్పుడు ముందు కిందిది బిగించి, దిక్కు సరిచూసుకొని, కింది దాన్ని ఒక పానాతో ఆపి వుంచి పైదాన్ని రెండో పానాతో బిగించాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. లీవరు పట్టు సాధారణంగా అల్యూమినియం కలిసిన లోహం. అది ఇనుముకంటే మెత్తన. పానాకు పైపు తొడిగి బలమంతా పెడితే మర తెగిపోతుంది. మణికట్టు బలం చాలు, భుజబలం వద్దు.

మరొక హెచ్చరిక. యమహావారి కొన్ని బండ్లలో కుడి అద్దానికి ఎదురు మర వుంటుంది. అందరూ బిగించే దిక్కుకు తిప్పితే అది విడిపోతుంది. విడదీసే దిక్కుకు తిప్పితే బిగుస్తుంది. తెలియక బలవంతం చేసి మర పాడుచేసుకున్నవాళ్లు వున్నారు. ఎందుకు పెట్టారంటే, ముందు నుంచి ఏ కొమ్మో తగిలితే కుడి అద్దం వెనక్కు తిరుగుతుంది. ఆ తిరుగుడు మామూలు మరను ఇంకా బిగిస్తుంది, ఎదురు మరను మాత్రం వదులు చేస్తుంది. అప్పుడు అద్దం విరగకుండా పక్కకు తప్పుకుంటుంది. ఎడమ అద్దానికి మామూలు మరతోనే ఆ సౌకర్యం వున్నది. దీన్నిబట్టి ఇంకొక సంగతి కూడా తెలుస్తుంది. ముందు నుంచి గాలి తోసినా, కంప తగిలినా మామూలు మర వున్న ఎడమ అద్దం విడిపోయే దిక్కుకే తిరుగుతుంది. నా ఎడమ అద్దమే ముందు వదులు కావటానికి కారణం ఇదేనని తరువాత అర్థమైంది.

బిగించిన నట్టు మళ్లీ ఎందుకు వదులవుతుంది? నట్టును పట్టి వుంచేది మర మధ్య వుండే రాపిడి. బండి అదురుతున్నప్పుడు ఆ రాపిడి క్షణకాలం జారుతుంది. ఆ క్షణంలో నట్టు వెంట్రుక వాసి వెనక్కు తిరుగుతుంది. అట్లా వేల అదురులకు ఒక చుట్టు. బోల్టుకు అడ్డంగా వచ్చే అదురే నట్టును ఎక్కువగా విప్పుతుందని గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు 1969లో యంత్రం పెట్టి పరీక్షించి చూపించాడు. అటువంటి అదురుకు మామూలు స్ప్రింగు వాషరు అంతగా ఆగదని కూడా ఆ తరహా పరీక్షలలో తేలింది. కాబట్టి "వాషరు వేశాను, ఇక భయం లేదు" అనుకోవద్దు. వాషరు వుంటే వుండనివ్వండి. నమ్మకం మాత్రం సరైన బిగువు మీదనే పెట్టండి.

ఇంకా కావాలంటే మరకు పూసే జిగురు దొరుకుతుంది. స్పేరు పార్టుల దుకాణంలో అడిగితే ఇస్తారు. అందులో నీలం రంగు రకం మధ్యరకపు పట్టు కలది. కావలసినప్పుడు పానాతో విప్పుకోవచ్చు. ఎర్ర రంగు రకం తీసుకోవద్దు. దాన్ని విప్పాలంటే వేడి చేయాలి. నీలం రంగుది ఒక్క బొట్టు, శుభ్రంగా ఆరిన మర మీద, చాలు. జిడ్డు మీద పూస్తే పట్టదు. పూసిన తరువాత ఒక పగలూ ఒక రాత్రీ బండిని కదపకుండా వుంచితే మంచిది. పెన్నులూ బొమ్మలూ అతికించే జిగురు వేరు, ఇది వేరు. దాన్ని దీనికి వాడవద్దు.

మర అరిగిపోయి కాడ గిర్రున తిరుగుతుంటే నట్టు ఎంత బిగించినా లాభం లేదు. కొందరు తెల్ల నల్లా టేపు చుట్టి ఎక్కిస్తారు. ఇంటికి చేరుకోవటానికి ఆ ఉపాయం పనికివస్తుంది, కాపురానికి పనికిరాదు. లీవరు పట్టు కొత్తది వేయించటం తేలిక. లేదా లేతు పని తెలిసినవాని దగ్గర కొత్త మర తొడుగు వేయించవచ్చు. అక్కడే వెల్డింగు పెట్టించే ఆలోచన చేయవద్దు. పక్కనే పెట్రోలు టాంకీ వున్నది.

రెండవది, గుండు కీలు వదులు. కాడ గట్టిగా వుండి అద్దం మాత్రం తల వేలాడేస్తే జబ్బు ఇక్కడ వున్నది. డొప్ప వెనుక చిన్న స్క్రూ వుంటే అది బిగిస్తే సరిపోతుంది. స్క్రూ లేని రకమైతే గుండు, గుంట రెండూ అరిగినవన్న మాట. సైకిలు ట్యూబు సన్నని ముక్క కోసి కీలు చుట్టూ బిగించి కడితే పది రోజులు నడుస్తుంది. ఆ పది రోజులలోపల కొత్త అద్దం కొనుక్కోవాలి. కొందరు జిగురు పోసి కీలును శాశ్వతంగా బిగిస్తారు. అప్పుడు అద్దం కదలదు, నిజమే. కాని ఇంకొకరు బండి ఎక్కితే వారి ఎత్తుకు సరిచేయటానికి వీలుండదు. బండి పడితే కీలు తప్పుకోదు గనుక అద్దమే పగులుతుంది.

మూడవది, డొప్పలో అద్దం బిళ్ల వదులు. వేలితో తడితే గలగలమంటుంది. బిళ్లను జాగ్రత్తగా తీసి, వెనుక దుమ్ము తుడిచి, కిటికీలకు వాడే సిలికాను పట్టీ నాలుగైదు చోట్ల పెట్టి అదిమి, ఒక రాత్రి ఆరనివ్వండి. పగిలిన బిళ్లను మాత్రం అతికించవద్దు, చేయి తెగుతుంది.

ఈ మూడూ చూసుకున్న తరువాత కూడా బింబం చెదిరితే, అప్పుడది వణుకు. దీని కారణం తెలుసుకుంటే మందు సులువు.

పాత బండ్లలో ఇంజను ఒకే పిస్టనుతో నడుస్తుంది. నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతున్నదనుకుందాం. అంటే పిస్టను సెకనుకు సుమారు 67 సార్లు కిందికీ పైకీ పోయి వస్తున్నది. ఆ కుదుపు ఛాసిస్ మీదుగా హ్యాండిల్‌కూ, అక్కడి నుంచి అద్దం కాడకూ పోతుంది. అద్దం కాడకు తనదైన ఒక ఊపు వున్నది. ఊయలను చూడండి. దాని ఊపుకు సరిగా అందించి చిటికెన వేలితో తోసినా అది పెద్దగా ఊగుతుంది. ఊపు తప్పించి ఎంత బలంగా తోసినా ఊగదు. ఇంజను కుదుపూ కాడ ఊపూ ఏ వేగం దగ్గర కలుస్తాయో, ఆ వేగం దగ్గర అద్దం పిచ్చిగా వణుకుతుంది. అందుకే కొన్ని బండ్లకు 40 దగ్గర వణికిన అద్దం 50 దగ్గర నిలబడుతుంది. డోర్నకల్ జంక్షనులో బొగ్గు గూడ్సు పోయేటప్పుడు స్టేషను బయటి టీ కొట్టులో అన్ని గ్లాసులూ ఒకేసారి మోగవు. ఒక్కొక్క గ్లాసు ఒక్కొక్క అదురుకు పలుకుతుంది. ఇదీ అంతే.

మందు వేసే ముందు కుదుపు మూలం చూడాలి. బండిని న్యూట్రలులో నిలబెట్టి ఆక్సిలేటరు మెల్లగా పెంచండి. నిలబడి వుండగానే అద్దం బాగా వణికితే తప్పు ఇంజను వైపున వున్నది. ఇంజనును ఛాసిస్‌కు పట్టి వుంచే బోల్టులు, సైలెన్సరు పట్టీ, ప్లగ్గు, కార్బురేటరు చూడండి. నిలబడ్డప్పుడు బాగుండి, పోయేటప్పుడే వణికితే చైను, చక్రం, టైరు, చువ్వలు చూడండి. చైను మరీ వదులుగానో మరీ బిగువుగానో వున్నదేమో, చక్రం వంకర తిరుగుతున్నదేమో, టైరులో గాలి తగినంత వున్నదో లేదో పరీక్షించండి. నిన్నటి దాకా నిలబడ్డ అద్దం ఇవాళ హఠాత్తుగా వణికితే అద్దాన్ని తిట్టవద్దు. బండిలో ఎక్కడో ఒక బోల్టు వదిలిందని అది మీకు చాడీ చెబుతున్నది. ఆ చాడీ వినటం మేలు. నా బండికి ఇంజను కింది బోల్టు ఒకటి సగానికి విడిపోయి వుండగా కనిపెట్టింది కుడి అద్దమే.

మూలం సరిచేసిన తరువాత మిగిలిన వణుకుకు మూడు ఉపాయాలు వున్నాయి. ఒకటి, కాడ పొడవు. పొడవాటి సన్నని కాడ ఎక్కువగా ఊగుతుంది. అందం కోసం పెట్టించిన పొడుగు కాడ తీసి, బండితో వచ్చిన రకమే పెట్టించండి. రెండు, మెత్తదనం. సైకిలు ట్యూబును అంగుళం వెడల్పు పట్టీగా కోసి కాడకు కింది నుంచి పై దాకా బిగువుగా చుట్టి కొసలు కట్టండి. రబ్బరు కొంత ఊపును మింగుతుంది. ఈ రబ్బరును నట్టు కింద మాత్రం పెట్టవద్దు. అక్కడ పెడితే నట్టు బిగువు నిలవక మళ్లీ వదులవుతుంది. మూడు, బరువు. వలకు కట్టే సీసపు గుండ్లు ఒకటి రెండు తీసుకొని డొప్ప వెనుక సిలికానుతో అతికించండి. బరువు పెరిగితే కాడ ఊపు మారి, మీరు ఎక్కువగా పోయే వేగం నుంచి వణుకు పక్కకు తప్పుకుంటుంది. మరీ ఎక్కువ పెడితే కీలు విరుగుతుంది. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోనిదే అన్నానికి కూర్చోవద్దు. అట్లాగే హ్యాండిల్ కొసలకు కంపెనీవారు పెట్టిన బరువు ముక్కలు వుంటే వాటిని ఊడదీయవద్దు. అవి అలంకారం కాదు, అదురు తగ్గించటానికే పెట్టినవి.

బిగించిన అద్దాన్ని ఎట్లా నిలుపుకోవాలో కూడా చెప్పుకుందాం. బండి మీద మామూలుగా కూర్చోండి. అద్దం లోపలి అంచున మీ మోచెయ్యి ఇంత మాత్రం కనబడాలి. మిగిలినదంతా రోడ్డు కనబడాలి. నేలా ఆకాశమూ కలిసే గీత అద్దం నడుమకు రావాలి. ఉబ్బెత్తు అద్దమైతే ఎక్కువ రోడ్డు చూపిస్తుంది గాని, వెనుక వచ్చేది వున్నదానికంటే దూరంగా వున్నట్లు చూపిస్తుంది. కాబట్టి అందులో లారీ చిన్నగా కనబడ్డా దగ్గరలోనే వున్నదని లెక్కవేసుకోండి. తిరిగే ముందు ఒకసారి మెడ తిప్పి భుజం మీదుగా చూడటం మానవద్దు. వెనుక గడ్డిమోపు కట్టుకున్నప్పుడు అది హ్యాండిల్ వెడల్పు దాటితే ఎంత మంచి అద్దమైనా గడ్డినే చూపిస్తుంది. మోపు సన్నగా కట్టుకోండి.

మనం చేసే కొన్ని పనులే అద్దాన్ని పాడుచేస్తాయి. హెల్మెటు అద్దానికి తగిలిస్తాం. పాల క్యాను పట్టీ తగిలిస్తాం. స్టాండు వేసేటప్పుడు అద్దం కాడ పట్టుకొని లాగుతాం. చంటిపిల్లవాడు ముందు కూర్చొని దాన్నే పట్టుకుంటాడు. ఇవన్నీ మానుకుంటే సగం జబ్బు రాదు. ఇక పడుచువాళ్లకు ఒక మాట. అద్దాలు ఊడదీసి ఇంట్లో పెట్టి, బండి అందంగా వున్నదనుకునే తమ్ముళ్లు ప్రతి ఊళ్లోనూ వున్నారు. వెనుక చూపు అద్దం వుండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. నియమం మాట అట్లా వుంచినా, తమ్ముడూ, వెనుక వచ్చే లారీకి నీ అందంతో పని లేదు.

చివరగా ఒక మాట. మన డోర్నకల్ జంక్షను ఊరు. కాజీపేట, విజయవాడ దారీ, కొత్తగూడెం బొగ్గు దారీ ఇక్కడే కలుస్తాయి. పట్టాల వెంట చేతిలో సుత్తీ పానాతో నడిచిపోయే కీమన్‌ను మీరంతా చూసే వుంటారు. నిన్న బిగించిన పట్టా బిగువుగానే వుంటుందని ఆయన ఇంట్లో కూర్చోడు. తనకు అప్పగించిన దూరమంతా నడిచి, వదులైనదాన్ని బిగిస్తాడు. ఆయన నడక మీద వేలమంది ప్రాణాలు నడుస్తున్నాయి. మీ బండికి మీరే కీమన్. అద్దం బిగించిన తరువాత 50 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి నట్టు చూడండి. ఆ తరువాత పున్నమికి ఒకసారి, అమాస్యకు ఒకసారి పానా ఆనించి చూడండి. అయిదు నిమిషాల పని.

నా బండి అద్దాలు ఇప్పుడు నిలబడుతున్నాయి. ఆ పెద్దాయన చేనుకు పోయినప్పుడల్లా ఆయన ముందు నా అద్దం పట్టుకొని ఊపి చూస్తాడు. అది కదలకపోతేనే "ఇగ చెప్పు సారూ, ఏం మందు కొట్టాలె?" అని అడుగుతాడు. మీరు కూడా రేపు పొద్దున పొలానికి బయలుదేరే ముందు మీ బండి అద్దాన్ని ఒకసారి అట్లా ఊపి చూడండి. అది కదిలితే పానా కోసం ఇంట్లోకి పోండి, రోడ్డు మీదికి పోవద్దు.

మళ్లీ వచ్చేసారి మిర్చి నారుమడిని గురించి ముచ్చటించుకుందాం. అందాకా సెలవు.